గ్రీన్ చదవడానికి ఏ పద్ధతి పట్టుకోవాలి: కళ్ళా, కాళ్ళా, క్యాడీనా, నోట్‌బుక్కా?

హైదరాబాద్‌లో గోల్ఫ్ ఆడేవాళ్ళు ఈమధ్య తరచుగా అడిగేది ఇదే, పటర్ (హోల్ చుట్టూ నున్నగా కోసిన గడ్డి, అంటే గ్రీన్ మీద బాల్ దొర్లించే క్లబ్) మార్చాను, గ్రిప్ మార్చాను, అయినా త్రీ-పట్‌లు (గ్రీన్ మీద బాల్‌ని హోల్‌లో వేయడానికి మూడు దెబ్బలు పట్టడం) తగ్గట్లేదు, ఇంకేం చెయ్యాలి అని. నిజానికి చాలామందికి స్ట్రోక్ బానే ఉంటుంది, ప్రాక్టీస్ గ్రీన్ మీద సమంగా ఉన్న చోట చూసుకుని ఆరడుగుల పట్‌లు వరసపెట్టి వేసేస్తారు, కోర్సులోకి వెళ్ళాక మాత్రం బాల్ హోల్ కింది వైపు నుంచి జారిపోతుంది. అంటే తేడా చేతిలో లేదు, గ్రీన్ చదవడంలో, అంటే ఆ గడ్డి ఎటు, ఎంత వాలిందో, బాల్ ఎలా పోతుందో అంచనా వేయడంలో ఉంది. సరే నేర్చుకుందాం అని యూట్యూబ్ తెరిస్తే ఒకాయన వేళ్ళు లేపి చూపిస్తాడు, ఇంకొకాయన పటర్ వేలాడదీసి ఒక కన్ను మూస్తాడు, క్లబ్బులో పెద్దవాళ్ళేమో క్యాడీ (బ్యాగ్ మోసి సలహా చెప్పే సహాయకుడు) చెప్పింది విను బాబూ అంటారు. ఎవరి మాట వినాలో తెలియక చాలామంది అన్నీ కొంచెం కొంచెం చేస్తూ ఏదీ పూర్తిగా నేర్చుకోకుండా ఉండిపోతున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. వారానికి ఒకటో రెండో రౌండ్లు ఆడేవాళ్ళకి కళ్ళతో చదవడం పునాది, దాని మీద కాళ్ళతో స్లోప్ పట్టుకోవడం కలిపితే చాలు, మిగతావి ఎవరు ఎక్కడ ఆడతారు అన్నదాన్ని బట్టి. ఎందుకో కింద వివరంగా రాస్తున్నా.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు స్పీడ్. లైన్ (బాల్ పోవాల్సిన దారి) గురించి అందరూ మాట్లాడతారు గానీ స్పీడ్ లేకుండా లైన్ అనేదే లేదు. ఒకే పట్, ఒకే స్లోప్, మెల్లగా హోల్ అంచులో పడి ఆగేలా కొడితే ఒక లైన్, గట్టిగా వెనక గోడకి తగిలేలా కొడితే ఇంకో లైన్, రెండూ కరెక్టే. బాల్ నెమ్మదించే కొద్దీ స్లోప్ దాన్ని ఎక్కువ లాగుతుంది, అందుకే చివరి మూడడుగుల్లోనే బ్రేక్ (వాలుకి బాల్ పక్కకి తిరగడం) ఎక్కువ కనిపిస్తుంది, అందుకే డౌన్‌హిల్ పట్ అప్‌హిల్ కన్నా ఎక్కువ తిరుగుతుంది. నాసాలో పనిచేసి తర్వాత గోల్ఫ్ కోచింగ్‌లోకి వచ్చిన డేవ్ పెల్జ్ చాలా టెస్టులు చేసి, హోల్‌లో పడకపోతే సుమారు 17 అంగుళాలు దాటి ఆగే స్పీడ్ మంచిది అని చెప్పాడు. మీరు ఆ 17 నమ్మినా, ఒక అడుగే చాలనుకున్నా పర్లేదు, కానీ ప్రతిసారీ అదే స్పీడ్ ఉండాలి. హోల్ వెడల్పు 4.25 అంగుళాలు, బాల్ 1.68 అంగుళాలు, మెల్లగా వచ్చే బాల్‌కి ఆ వెడల్పు దాదాపు మొత్తం పనికొస్తుంది, దూసుకొచ్చే బాల్‌కి మధ్యలో చిన్న ముక్కే పనికొస్తుంది, మిగతాది లిప్-అవుట్, అంటే అంచుకి తగిలి బయటికి పోవడమే.

రెండోది, మీరు ఎక్కడ ఆడతారు. ఎప్పుడూ గోల్కొండ నయా ఖిలా దగ్గరి హెచ్‌జీఏ (హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్) కోర్సులోనే ఆడేవాళ్ళకీ, ఈ వారం గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్, వచ్చే వారం బెంగళూరు అని తిరిగేవాళ్ళకీ ఒకే సలహా సరిపోదు.

మూడోది టైమ్. రూల్స్ ప్రకారం మీ వంతు వచ్చాక 40 సెకన్లలో కొట్టేయమని సిఫార్సు ఉంది, ఆదివారం పొద్దున వెనక ఇంకో నలుగురి గుంపు ఎదురుచూస్తుంటే గ్రీన్ చుట్టూ ప్రదక్షిణ చేసే పద్ధతి ఎంత గొప్పదైనా పనికిరాదు. దీంతో పాటు మోకాళ్ళు వంగుతాయా లేదా, ప్రాక్టీస్‌కి వారంలో అరగంటైనా దొరుకుతుందా అనేవి కూడా నిజాయితీగా చూసుకోండి.

## కళ్ళతో చదవడం

పాత పద్ధతి, అందరూ చేస్తున్నామనుకునేది, కానీ సరిగ్గా చేసేవాళ్ళు తక్కువ. చాలామంది బాల్ వెనక నిలబడి హోల్ వైపు చూసి, హా లెఫ్ట్ నుంచి రైట్, అనేస్తారు అంతే. బాల్ వెనక నుంచి ఎటు తిరుగుతుందో తెలుస్తుంది గానీ ఎంత తిరుగుతుందో అంతగా తెలియదు.

అసలు చదవడం గ్రీన్ ఎక్కాక కాదు, అప్రోచ్ (గ్రీన్ మీదికి చేర్చే షాట్) కొట్టి నడిచి వస్తున్నప్పుడే మొదలవ్వాలి. ముప్పై నలభై గజాల దూరం నుంచి గ్రీన్ మొత్తం ఎటు వాలిందో స్పష్టంగా కనిపిస్తుంది, దగ్గరికి వెళ్ళాక ఆ పెద్ద వాలు కళ్ళకి ఆనదు, చిన్న చిన్న గుంతలే కనిపిస్తాయి. ఒక బిందె నీళ్ళు ఇక్కడ పోస్తే ఎటు పోతాయి అని మిమ్మల్ని మీరే అడగండి. గ్రీన్ కట్టేవాళ్ళు నీళ్ళు నిలవకుండా, బంకర్లోకి పోకుండా బయటికి పోయేలా కడతారు, కాబట్టి ఆ దారి దొరికితే సగం పని అయినట్టే. జూలై ఆగస్టులో గట్టి వాన పడి ఆగిన తర్వాత ఒకసారి మీ కోర్సుకి వెళ్ళి గ్రీన్స్ చూడండి, నీళ్ళు ఏ అంచు నుంచి దిగుతున్నాయో కళ్ళముందే కనిపిస్తుంది, డబ్బులిచ్చినా దొరకని పాఠం అది.

గ్రీన్ మీదికి వచ్చాక వెళ్ళాల్సిన చోటు లో-సైడ్, అంటే వాలు కింది వైపు. బాల్‌కీ హోల్‌కీ మధ్యన, లైన్ నుంచి నాలుగైదు అడుగులు కిందికి దిగి చూడండి. అప్‌హిల్లా డౌన్‌హిల్లా అనేదీ, వాలు ఎంత గట్టిగా ఉందనేదీ అక్కడి నుంచే బాగా తెలుస్తుంది. అటు నుంచి హోల్ దగ్గరికి వెళ్ళి, ఏ వైపు నుంచి కొడితే బాల్ తిన్నగా కిందికి దిగి హోల్‌లో పడుతుందో ఆ గీత పట్టుకోండి, దాన్నే ఫాల్ లైన్ అంటారు. అది దొరికితే ఇంక గందరగోళం ఉండదు, దానికి కుడివైపున ఉన్న పట్‌లన్నీ ఒక దిక్కుకి, ఎడమవైపువి ఇంకో దిక్కుకి తిరుగుతాయి.

దీంట్లో ఉన్న చిక్కు, కళ్ళు మోసపోతాయి. మన దక్కన్ కోర్సుల్లో ఇది చిన్న విషయం కాదు, చుట్టూ గుట్టలు, పెద్ద పెద్ద బండరాళ్ళు, ఒకచోట కోట గోడ, వెనకాల వాలుగా పోయే నేల ఉంటే కన్ను దాన్నే లెవెల్ అనుకుని గ్రీన్‌ని దాంతో పోల్చేస్తుంది. ఇంకో చిక్కు, మామూలు ఆటగాళ్ళందరూ బ్రేక్ తక్కువ చదువుతారు, పెల్జ్ టెస్టుల్లోనూ అదే తేలింది. అందుకే కింది వైపు మిస్ అయితే అమెచ్యూర్ సైడ్, పై వైపు మిస్ అయితే ప్రో సైడ్ అంటారు. పై వైపు ఉన్న బాల్‌కి చివరిదాకా లోపలికి దిగే ఛాన్స్ ఉంటుంది, కిందికి జారిన బాల్‌కి అది ఉండదు.

## గ్రెయిన్ సంగతి

ఇది విడిగా రాయాల్సి వస్తోంది ఎందుకంటే కిందున్న పద్ధతుల్లో ఏదీ తనంతట తాను దీన్ని పట్టుకోదు, క్యాడీ అయినా చెప్పాలి, లేదంటే మీ కళ్ళే దిక్కు. అమెరికన్ వీడియోల్లో చాలావాటిలో బెంట్ గడ్డి గ్రీన్స్ ఉంటాయి, మన వేడికి ఎక్కువగా కనిపించేది బెర్ముడా రకాలు, ఇవి ఒక దిక్కుకి పడుకుని పెరుగుతాయి, ఆ దిక్కునే గ్రెయిన్ అంటారు. వెల్వెట్ బట్ట మీద చెయ్యి ఒకవైపు రాస్తే మెరుస్తుంది, ఎదురు రాస్తే మసకగా అవుతుంది చూడండి, సరిగ్గా అలాగే, బాల్ వెనక నుంచి చూసినప్పుడు గడ్డి మెరుస్తుంటే గ్రెయిన్ మీకు దూరంగా పోతోంది, పట్ స్పీడ్‌గా పోతుంది, ముదురుగా మసకగా ఉంటే ఎదురు గ్రెయిన్, గట్టిగా కొట్టాలి. అడ్డంగా ఉంటే బ్రేక్‌ని పెంచుతుంది లేదా తగ్గిస్తుంది.

మెరుపు చూసి తేల్చుకోలేకపోతే హోల్ అంచు చూడండి. కొంచెం వంగి కప్ (అంటే హోల్) చుట్టూ చూస్తే ఒకవైపు అంచు పదునుగా పచ్చగా ఉంటుంది, ఎదురు వైపు అంచు చీలికలుగా, గోధుమ రంగులోకి తిరిగి ఉంటుంది. ఆ ఎండిన వైపుకే గ్రెయిన్ పోతోందన్నమాట. కప్ కోసినప్పుడు ఆ వైపు ఆకుల వేర్లు తెగిపోతాయి కాబట్టి అవి ఎండిపోతాయి. పొద్దున్నే కొత్తగా కోసిన కప్‌లో ఇది అంతగా తెలియదు, కొన్ని గంటలు గడిచాక బాగా తెలుస్తుంది. గ్రెయిన్ ఎప్పుడూ సూర్యుడు అస్తమించే వైపుకే ఉంటుందని కొందరు గట్టిగా చెప్తారు, నేనైతే దిక్కు కన్నా కప్ అంచునే నమ్ముతా. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కోత మెషిన్ చారలని గ్రెయిన్ అనుకోవద్దు.

## కాళ్ళతో చదవడం, అంటే ఎయిమ్‌పాయింట్

మార్క్ స్వీనీ తయారుచేసిన పద్ధతి, ప్రో ఆటగాడు ఆడమ్ స్కాట్ లాంటి వాళ్ళు వాడటంతో బాగా పాపులర్ అయింది. ఎక్స్‌ప్రెస్ అనే రకంలో చేసేది ఇది: పట్ లైన్‌కి అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడి బరువు ఏ కాలి మీద ఎక్కువ పడుతోందో గమనించాలి, ఆ వాలుకి 1 నుంచి 5 దాకా ఒక నంబర్ ఇవ్వాలి, 1 అంటే ఒక శాతం స్లోప్. తర్వాత బాల్ వెనక్కి వెళ్ళి, చెయ్యి చాపి, ఆ నంబర్ ఎంతైతే అన్ని వేళ్ళు లేపి, చూపుడువేలు అంచు హోల్ మధ్యకి ఆనించి పై వైపుకి చూస్తే చివరి వేలి బయటి అంచు ఎక్కడుందో అక్కడికి గురి. గ్రీన్ ఫాస్ట్‌గా ఉంటే చెయ్యి మొహానికి దగ్గరగా తెచ్చుకోవాలి, వేళ్ళు ఎక్కువ చోటు కప్పుతాయి కాబట్టి బ్రేక్ ఎక్కువ వస్తుంది, స్లోగా ఉంటే చెయ్యి దూరంగా.

నాకు దీంట్లో నచ్చేది, కన్ను మోసపోయే చోట కాలు అంత తొందరగా మోసపోదు. గుట్ట పక్కన గ్రీన్‌లో కన్ను సీదా అంటుంటే ఎడమ పాదం బయటి అంచు మీద బరువు పడటం స్పష్టంగా తెలుస్తుంది. ఇంకోటి, నంబర్ వస్తుంది. కొంచెం లెఫ్ట్ అనుకోవడం వేరు, రెండు వేళ్ళు అనుకోవడం వేరు, నంబర్ ఉంటే పట్ వేశాక సరిచూసుకోవచ్చు, వచ్చేసారికి సర్దుకోవచ్చు.

కానీ కాలికి ట్రైనింగ్ కావాలి, అది లేకుండా వేళ్ళు లేపడం ఊరికే షో. ప్రాక్టీస్ గ్రీన్ మీద ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టుకుని, ముందు కళ్ళు మూసుకుని నిలబడి నంబర్ చెప్పండి, తర్వాత ఫోన్ కింద పెట్టి చూడండి. ఫోన్ డిగ్రీల్లో చూపిస్తుంది, ఒక డిగ్రీ అంటే దాదాపు 1.75 శాతం, కాబట్టి రెండు శాతం స్లోప్ అంటే ఫోన్‌లో 1 డిగ్రీ కన్నా కాస్త ఎక్కువ. రోజూ పది నిమిషాలు ఇలా చేస్తే 1కి 2కి తేడా పాదానికి తెలిసిపోతుంది. రౌండ్ మధ్యలో మాత్రం ఫోన్‌తో స్లోప్ కొలవడం రూల్ 4.3 ప్రకారం కుదరదు, పెనాల్టీ పడుతుంది. అలాగే లైన్‌కి అటూ ఇటూ కాళ్ళు వేసి వాలు చూడటం ఓకే, అలా నిలబడి పట్ కొట్టకూడదు.

ఇబ్బందుల్లో పెద్దది టైమ్. ప్రొఫెషనల్ టూర్‌లోనే కొందరు ఆటగాళ్ళు దీనివల్ల ఆట నెమ్మదిస్తోందని విసుక్కున్నారు. పక్కవాళ్ళ లైన్ తొక్కకుండా చూసుకోవాలి, హోల్ చుట్టూ ఎక్కువసేపు నిలబడకూడదు. మీ వంతు రాకముందే, వేరేవాళ్ళు చదువుకుంటున్నప్పుడే కాళ్ళపని అయిపోగొట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. డబుల్ బ్రేక్ ఉన్న, అంటే ఒకసారి ఇటు ఒకసారి అటు తిరిగే పొడుగు పట్‌లకి ముక్కలు చేసి చదవాలి, కొత్తవాళ్ళు ఆ జోలికి వెళ్ళకుండా పదిహేను అడుగుల లోపు వాటికే వాడుకుంటే మేలు.

## క్యాడీ

మన దగ్గర ఉన్న అదృష్టం ఇది, చాలా దేశాల్లో మామూలు ఆటగాడికి క్యాడీ దొరకడు. ఏళ్ళ తరబడి ఒకే కోర్సులో ఉన్న క్యాడీకి ప్రతి గ్రీన్ చేతిలో గీతలా తెలుసు. ఫ్లాగ్ పట్టుకుని హోల్ పక్కన చతికిలబడి ఒక్క క్షణం చూసి, ఏక్ కప్ బాహర్ సాబ్, ధీరే సే (ఒక కప్ వెడల్పు బయటికి, మెల్లగా), అంటాడు, చాలాసార్లు అదే కరెక్ట్. ఆ ధీరే సే అన్న మాట మీద శ్రద్ధ పెట్టండి, చాలామంది కప్ ఎంత బయట అన్నదే విని స్పీడ్ గురించి చెప్పింది వదిలేస్తారు, అప్పుడు లైన్ తప్పయిందని క్యాడీ మీద కోపం చేస్తారు, అది అన్యాయం. ఆయన చదివింది ఆయన మనసులో ఉన్న స్పీడ్‌కి, మీరు కొట్టింది వేరే స్పీడ్‌లో.

కాబట్టి అడిగే పద్ధతి మార్చండి. ఎటు అని కాకుండా, భయ్యా ఇది అప్‌హిల్లా, గ్రెయిన్ ఎటు, మెల్లగా వేస్తే ఎంత, అని అడగండి. ముందు మీరు చదివి మనసులో పెట్టుకుని తర్వాత అడిగితే ఇంకా మంచిది, రెండూ ఒకటైతే ధైర్యంగా కొడతారు, తేడా ఉంటే ఎక్కడ తేడా వచ్చిందో నేర్చుకుంటారు. అలా చేయకుండా ప్రతిసారీ వేలు చూపించిన చోటుకి కొడితే ఏళ్ళు గడిచినా మీకు చదవడం రాదు, వేరే ఊరు వెళ్ళిన రోజు చేతులెత్తేయాలి. పోటీల్లో ఆడేవాళ్ళు ఒకటి తెలుసుకోండి, 2019 నుంచి మీరు స్టాన్స్ తీసుకోవడం, అంటే కొట్టడానికి కాళ్ళు సర్దుకుని నిలబడటం మొదలుపెట్టాక క్యాడీ బాల్ వెనక లైన్‌లో కావాలని నిలబడకూడదు.

## ప్లంబ్ బాబ్

పటర్‌ని రెండు వేళ్ళతో వేలాడదీసి, ఒక కన్ను మూసి, షాఫ్ట్‌తో బాల్‌ని కప్పి హోల్ ఎటు కనిపిస్తుందో చూడటం. పాత తరం ఆటగాళ్ళు బాగా వాడతారు. రూల్స్‌లో అనుమతి ఉంది, ఖర్చు లేదు. నేను మాత్రం ఎవరికీ కొత్తగా నేర్చుకోమని చెప్పను. మీరు నిలబడ్డ చోటు వాలుని అది చెప్తుంది, హోల్ దగ్గరి వాలు వేరుగా ఉంటే దానికి తెలియదు, ఎటు అనేది చెప్తుంది గానీ ఎంత అనేది చెప్పదు, పైగా మీ బలమైన కన్ను ఏదో, పటర్ ఏ కోణంలో పట్టుకుంటే నిట్టనిలువుగా వేలాడుతుందో ముందే తేల్చుకోవాలి. ఇప్పటికే అలవాటుండి పని చేస్తుంటే వదలక్కర్లేదు.

## గ్రీన్ బుక్, సొంత నోట్‌బుక్

బాణాలతో స్లోప్‌లు గీసిన ప్రింటెడ్ బుక్స్ మీద 2019 నుంచి సైజు, స్కేల్ హద్దులున్నాయి, అంటే 5 గజాలకి 3/8 అంగుళం మించిన వివరం ఉండకూడదు. 2022 జనవరి నుంచి పెద్ద టూర్లలో కమిటీ ఒప్పుకున్న మామూలు యార్డేజ్ బుక్ (దూరాలు రాసిన పుస్తకం) మాత్రమే వాడాలని లోకల్ రూల్ పెట్టారు. మన వీకెండ్ ఆటకి ప్రింటెడ్ బుక్ అవసరం లేదనే నేను అంటా, దాంట్లో తలదూర్చి నేలని చూడటం మానేస్తారు.

సొంత నోట్‌బుక్ వేరే సంగతి. ఒకే కోర్సులో ఆడేవాళ్ళకి ఇది బంగారం. ప్రతి గ్రీన్‌కి గుండ్రంగా ఒక బొమ్మ గీసి, పెద్ద వాలుకి ఒకే ఒక బాణం, మోసం చేసే చోట ఒక ఇంటూ మార్క్, అంతే చాలు.

## పక్కపక్కన పెడితే

| పద్ధతి | నేర్చుకోవడానికి | గ్రీన్ మీద టైమ్ | కొత్త కోర్సులో | గ్రెయిన్ | బలహీనత |
|---|---|---|---|---|---|
| కళ్ళు | నెలలు, మెల్లగా | నడుస్తూ చూస్తే తక్కువ | బానే పనికొస్తుంది | తెలుస్తుంది | గుట్టలు, గోడలు మోసం చేస్తాయి |
| కాళ్ళు | కొన్ని వారాల ప్రాక్టీస్ | ముందే చేసుకోకపోతే ఎక్కువ | చాలా బాగా | తెలియదు | పొడుగు పట్, డబుల్ బ్రేక్ |
| క్యాడీ | అడగడం వస్తే చాలు | చాలా తక్కువ | అక్కడి క్యాడీ మంచివాడైతే | ఆయనకి తెలుసు | మీరు నేర్చుకోరు |
| ప్లంబ్ బాబ్ | త్వరగా, సందేహంగా | తక్కువ | అంతంతమాత్రం | తెలియదు | ఎంత అనేది చెప్పదు |
| సొంత నోట్‌బుక్ | సీజన్ పొడుగునా | తక్కువ | పనికిరాదు | రాసుకుంటేనే | ఫ్లాగ్ చోటు మారుతుంది |

## ఎవరికి ఏది

ఆట మొదలుపెట్టి ఏడాది కాలేదంటే బ్రేక్ పక్కన పెట్టి స్పీడ్ మీదే కూర్చోండి. పొడుగు పట్‌లు మూడడుగుల చుట్టులో ఆగేలా వేయడం వస్తే త్రీ-పట్‌లు సగం అక్కడే పోతాయి, లైన్ విషయంలో క్యాడీ మాట వినండి, లో-సైడ్ నుంచి చూడటం మాత్రం అలవాటు చేసుకోండి.

15 నుంచి 20 హ్యాండిక్యాప్‌లో (ఆట స్థాయి చెప్పే నంబర్, తక్కువుంటే మంచి ఆట) ఆగిపోయి, ఒకే క్లబ్‌లో ఆడేవాళ్ళకి నా సలహా కళ్ళు, సొంత నోట్‌బుక్, క్యాడీతో సరిచూసుకోవడం. ఎయిమ్‌పాయింట్ క్లాసుకి డబ్బు పెట్టాలా అంటే తొందరేం లేదు. అదే ఆఫీస్ టోర్నమెంట్లకి ఊళ్ళు తిరిగేవాళ్ళయితే కాళ్ళ పద్ధతి మీద పెట్టిన టైమ్ మస్తుగా పనికొస్తుంది, ఎందుకంటే పాదాలు మీతోనే వస్తాయి, క్యాడీ రాడు.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు చతికిలబడి చూడక్కర్లేదు, దూరం నుంచి చూడటం, నిలబడి కాళ్ళతో వాలు పట్టుకోవడం రెండూ వాళ్ళకి హాయిగా కుదురుతాయి. కాళ్ళలో షుగర్ వల్ల తిమ్మిరి ఉన్నవాళ్ళకి మాత్రం పాదాలతో చదవడం నమ్మకంగా ఉండదు, వాళ్ళు కళ్ళూ క్యాడీనే నమ్ముకోవాలి.

పిల్లలకి, జూనియర్ పోటీలు ఆడేవాళ్ళకి క్యాడీ మీద ఆధారపడటం మొదట్లోనే అలవాటు చేయకండి. చిన్నప్పుడే కళ్ళూ కాళ్ళూ రెండూ నేర్పించండి, వాళ్ళకి నంబర్లు పెద్దవాళ్ళ కన్నా త్వరగా పట్టుబడతాయి.

## తేల్చుకోవడం ఎలా

ఒక పద్ధతి ఎంచుకున్నాక కనీసం నెల రోజులు అదే వాడండి, మధ్యలో మార్చొద్దు. స్కోర్‌కార్డ్ మీద ప్రతి మిస్ పక్కన రెండే రెండు అక్షరాలు రాయండి, పైకి మిస్సా కిందికి మిస్సా, పొట్టిగా ఆగిందా దాటిపోయిందా. కింది మిస్‌లే ఎక్కువగా ఉండి దూరం బానే ఉంటే మీరు బ్రేక్ తక్కువ చదువుతున్నారు, చదివినదానికి ఇంకొంచెం కలిపి కొట్టండి. పొట్టి, పొడుగు కలగలిపి ఉంటే లైన్ పద్ధతి మార్చి లాభం లేదు, స్పీడ్ సరిచేసుకోవాలి. పైకీ కిందికీ సమానంగా మిస్ అవుతుంటే చదవడం బానే ఉంది, గురి పెట్టడమో స్ట్రోకో చూసుకోవాలి.

లెక్క రాసేటప్పుడు సీజన్ కూడా రాసుకోండి. పొద్దున ఆరింటికి మంచు తడి మీద, వానల్లో మెత్తబడ్డ గ్రీన్ మీద బాల్ నెమ్మదిగా పోతుంది, గట్టిగా కొట్టాలి కాబట్టి బ్రేక్ తగ్గుతుంది, ఏప్రిల్ ఎండల్లో గట్టిపడ్డ గ్రీన్ మీద అదే పట్ ఇంకా ఎక్కువ తిరుగుతుంది. రౌండ్‌కి ముందు ప్రాక్టీస్ గ్రీన్ మీద పది అడుగులు వేసి ఆ దూరానికి రెండు మూడు బాల్స్ కొట్టి ఆ రోజు స్పీడ్ చూసుకోండి. రౌండ్ మొదలయ్యాక ఆడబోయే గ్రీన్ మీద బాల్ దొర్లించి గానీ గడ్డి రుద్ది గానీ టెస్ట్ చేయకూడదు, కానీ ఒక హోల్ ఆడేశాక, వెనక ఎవరూ ఎదురుచూడకపోతే, అదే గ్రీన్ మీద ఒక పట్ మళ్ళీ వేసి చూసుకోవడానికి రూల్స్ ఒప్పుకుంటాయి, కమిటీ వద్దనకపోతే చాలు.